వేసవి యీత - ప్రాణాపాయము

రోహిణి యెండలకు రోళ్లు పగులునని మనవారి సామెత. ఆ యెండలలో గౌతమీ, వసిష్ఠా, వైనతేయ శాఖలును, అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల కాలువలును కోనసీమ బాలురకు తల్లియొడి వంటివి. అరటిబోదె నాసరాగా గొని యీత నేర్చినవారు మనలో ననేకులు. అయినను ఆ యొడియే పలువురు తల్లులకు గర్భశోకమును మిగిల్చుచున్నది. 2025 మే 26న ముమ్మిడివరము చెంత కమినిలంకవద్ద గౌతమిలో స్నానమునకు దిగిన యువకులలో ఎనమండుగురు మునిగి మరణించిరి. శుభకార్యమునకు వచ్చిన బంధువులు శవములకై యేటిగట్టున కాచుకొనవలసివచ్చెను.

ఈ విషయమున రెండపాయములను వేరువేరుగ నెఱుగవలయును. మొదటిది లోతు. వేసవిలో ఏరు సన్నగిల్లి మోకాలిబంటిగ నగపడును. ఇసుకతిన్నె చివర అడుగు జారినచో నిలువెత్తు మడుగు. ఇసుకకై త్రవ్విన గోతులు పైకి గానరావు. ఒకడు మునుగగా రెండవవాడు చేయి యందింపబోవును. వానికై మూడవవాడు దిగును. స్నేహమే మృత్యుహేతు వగును.

రెండవది చలి. మన యేటినీరు వేసవిలో ప్రాణము తీయునంత చల్లనిది కాదు. శీతలదేశముల సంగతి వేరు. అచట గాలి 30 డిగ్రీల వేడితో నున్న దినమునను కొండ మడుగులు మిక్కిలి చల్లగ నుండవచ్చును. 15 డిగ్రీలకు లోబడిన నీట హఠాత్తుగ బడిన దేహము, మనస్సు వలదన్నను, ఒక్కసారి ఎగఊపిరి పీల్చును. అప్పుడు నోరు నీట నున్నచో నీరు ఊపిరితిత్తులకు జేరును. గుండె దడదడలాడును, రక్తపుపోటు హెచ్చును. నీరు గాలికన్న సుమారు 25 రెట్లు వడిగా దేహపు వేడిని హరించుటచే కొలది నిమిషములకే కాలుసేతులు స్వాధీనము దప్పును. గౌతమి నీదినవాడనను ధీమా అచట నక్కఱకు రాదు.

మన బిడ్డలు నేడు విద్యార్థులై ఆ దేశముల కేగుచున్నారు. 2024 ఏప్రిల్ 17న స్కాట్లాండులోని లిన్ ఆఫ్ టమ్మెల్ జలపాతమువద్ద ఇద్దరు ఆంధ్ర విద్యార్థులు నీటబడి మరణించిరి. కావున పరదేశమునకు బంపునపుడు ఆవకాయ జాడీతోపాటు ఒక హితవునుగూడ కట్టి యీయవలయును. చన్నీట బడినచో వెంటనే యీదబోరాదు. తల వెనుకకు వాల్చి, చెవులు మునుగనిచ్చి, ఊపిరి కుదుటబడువఱకు తేలియుండవలయును. ఒకటి రెండు నిమిషములలో ఆ యుద్ధృతి తగ్గును. పిమ్మటనే కేకవేయుటయో, గట్టుజేరుటయో. 1824లో స్థాపితమైన బ్రిటిషు జీవరక్షక నౌకాసంస్థ బోధించు ఉపాయ మిదియే.

ఇక స్వదేశమున జేయదగిన పని మన చేతిలోనిదే. 1852లో ముగిసిన ధవళేశ్వరపు ఆనకట్ట గోదావరిని మన పొలములకు మచ్చిక జేసెను గాని మన ప్రాణములకు మచ్చిక చేయలేదు. ఏ రేవున లోతున్నదో, ఏ తిన్నె క్రింద గోయి యున్నదో లంకభూముల ఆసాములకు దెలియును; చుట్టపుచూపుగ వచ్చిన పట్నపు కుఱ్ఱవానికి దెలియదు. తెలిసినవారు అచట నొక గుఱుతు పాతింపుడు. రేవున నొక పొడవైన తాడును, తేలెడు బోదెను ఉంచుడు. మునుగువానికై నీట దూకక వానిని విసరుడని పిల్లలకు నేర్పుడు. దీనికి సర్కారువారి యుత్తరువు అక్కఱలేదు. తెలిసియు జెప్పకుండుట ఏటి దోషము కాదు, మన దోషమే యని విన్నవించుచున్నాము.