నేర్చుకునేవారికి పరీక్ష సరే... నేర్పేవారికో?

తెనాలి: తెల్లవారగానే కాలువ కట్ట వెంట ఎర్రటి ‘ఎల్’ అక్షరం అంటించిన కారు నత్తనడకన పోతుంటుంది. స్టీరింగు పట్టిన కుర్రవాడికి చెమటలు పడుతుంటాయి. పక్క సీట్లో మాస్టారి కాలు రెండో బ్రేకు మీద సిద్ధంగా ఉంటుంది. నెల తిరిగాక ఆ కుర్రవాణ్ని బ్రేకు ఇన్‌స్పెక్టరు పరీక్షిస్తారు. మరి మాస్టారు సరిగా నేర్పారో లేదో చూసేదెవరు?

2022లో బాపట్ల, రేపల్లె కొత్త జిల్లాలోకి వెళ్లాయి. తెనాలి గుంటూరు జిల్లాలోనే ఉంది. జిల్లాలు వేరైనా రోడ్ల తీరు ఒకటే. ఒక పక్క కాలువ, మరో పక్క పల్లపు పొలం. కోతల రోజుల్లో సగం రోడ్డు మీద ధాన్యం ఆరబోసి ఉంటుంది. ఎదురుగా గడ్డి ట్రాక్టరు వస్తుంది. గేర్లు మార్చడం తెలిసినంత మాత్రాన ఇక్కడ చాలదు. ఎక్కడ ఆగాలో, ఎవరికి దారి ఇవ్వాలో తెలియాలి. అది నేర్పవలసింది మాస్టారే.

అర్హత ఏమిటి?

1989 కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం డ్రైవింగ్ స్కూలుకు రవాణా శాఖ లైసెన్సు ఉండాలి. దాని గడువు ఐదేళ్లు. నేర్పే వ్యక్తి కనీసం పదో తరగతి పాసై ఉండాలి. ఐదేళ్ల డ్రైవింగ్ అనుభవంతో పాటు మోటారు మెకానిక్ సర్టిఫికెట్టు కావాలి. నేర్పే కారుకు రెండు వైపులా బ్రేకు, క్లచ్చి ఉండాలి. స్కూల్లో నల్లబల్ల, రోడ్డు గుర్తుల పటాలు, ఇంజను భాగాలు చూపే పటం, పంక్చరు సామాను, ప్రథమ చికిత్స పెట్టె ఉండాలి.

కారు శిక్షణ 21 రోజులకు తగ్గరాదు. అందులో బండి నడిపే సమయం 10 గంటలకు తగ్గరాదు. పాఠ్యక్రమం పాటించకపోయినా, బండ్లు సరిగా ఉంచకపోయినా లైసెన్సు రద్దు చేసే అధికారం శాఖకు ఉంది.

ఇవన్నీ కాగితాలకు, సామానుకు సంబంధించినవి. పాఠం జరుగుతుండగా పక్కన కూర్చుని మాస్టారికి మార్కులు వేసే పట్టిక ఆ నిబంధనల్లో లేదు.

వెనుక సీట్లో పరీక్షాధికారి

బ్రిటన్‌లో ఆ ఏర్పాటు ఉంది. అక్కడ రిజిస్టరైన మాస్టారు నాలుగేళ్లలో కనీసం ఒకసారి పరీక్షకు నిలబడాలి. నిజమైన శిష్యుడికే 45 నిమిషాల పాఠం చెప్పాలి. పరీక్షాధికారి వెనుక కూర్చుని గమనిస్తారు. 17 అంశాలకు మూడేసి చొప్పున మొత్తం 51 మార్కులు. శిష్యుడి అవసరాన్ని బట్టి పాఠం వేశారా? ప్రమాదాన్ని ముందే పసిగట్టారా? తప్పు ఎందుకు జరిగిందో శిష్యుడికి అర్థమయ్యేలా చెప్పారా? ఇలాంటివే చూస్తారు. 31 వస్తే పాసు, 43 వస్తే మొదటి శ్రేణి. అయితే ప్రమాద నివారణకు ఉన్న 15 మార్కుల్లో 8 రాకపోతే మిగతావి ఎన్ని వచ్చినా ఫెయిలే. మూడుసార్లు తప్పితే రిజిస్టరు నుంచి పేరు తీసేస్తారు.

మన దేశంలో 2021 జులై 1 నుంచి గుర్తింపు పొందిన శిక్షణ కేంద్రాల విధానం వచ్చింది. అక్కడి మాస్టారు పన్నెండో తరగతి పాసై ఉండాలి. ఐదేళ్ల అనుభవం కావాలి. కారు శిక్షణ 29 గంటలు. వేలిముద్రతో హాజరు పడుతుంది. అక్కడ పాసైనవారికి రవాణా కార్యాలయంలో డ్రైవింగ్ పరీక్ష మినహాయింపు. అంటే నేర్పినవారి మాటే చివరి మాట. అందుకే వారి బోధన ఎలా ఉందన్నది మరింత ముఖ్యం.

సంతకమే మార్కు

మామూలు స్కూల్లో మాస్టారి పనికి రుజువు ఫారం 15. ఏ తేదీన, ఏ వేళ నుంచి ఏ వేళ వరకు బండి నడిపించారో అందులో రాస్తారు. మాస్టారితో పాటు శిక్షణార్థి కూడా సంతకం పెట్టాలి. నడిపింది ఆరు గంటలైతే పది గంటలకు సంతకం పెట్టరాదు. తక్కిన నాలుగు గంటలు అడిగి నేర్చుకోవాలి. గేటు దగ్గర, వంతెన మీద, చీకట్లో ఎదురు లైటు పడినప్పుడు ఏం చేయాలో కూడా మాస్టారిని అడగాలి. పిల్లలను స్కూల్లో చేర్పించే పెద్దలు ఫీజు బేరంతో ఆపకుండా గోడ మీది లైసెన్సు, కారులోని రెండో బ్రేకు చూసి మరీ డబ్బు కట్టడం మేలు.