పరీక్షయా, ప్రసవమా?

చదువుచున్న కోడలు చదువు ముగించిన పిమ్మట తల్లి కావలయునా, లేక బిడ్డ నెత్తుకొన్న పిదప చదువు సాగింపవలయునా యను ప్రశ్న నేడు మన పట్టణములలోనే గాక పెద్ద గ్రామములలో సైతము వినవచ్చుచున్నది. తాతల నాడీ ప్రశ్నకు తావు లేకుండెను. బాలికకు చదువే లేనప్పుడు ఏది ముందను విచారమెక్కడిది? 1874లో కందుకూరి వీరేశలింగము పంతులుగారు ధవళేశ్వరమున బాలికా పాఠశాలను స్థాపించిన నాడు అక్షరములు నేర్చిన ఆడుపిల్ల యొక వింత. ఇప్పుడన్ననో వైద్య కళాశాలలలోను, విశ్వవిద్యాలయముల పరిశోధన శాఖలలోను మన బాలికలు పెద్దసంఖ్యలో చదువుచున్నారు. కావున ప్రశ్న పుట్టుట శుభసూచకమే. దానికి సమాధానము చెప్పుచున్నవారెవ్వరను విషయమే మాకు చింత గొలుపుచున్నది.

పెండ్లిమాటల నాడు వరుని పక్షమువారు ‘అమ్మాయి ఎంతవరకైనను చదువుకొనవచ్చును, మాకభ్యంతరము లేదు’ అని పలుకుదురు. ఏడాది తిరుగకమునుపే పేరంటమునకు వచ్చిన ప్రతి యిల్లాలును ‘విశేషమేమైన నున్నదా’ యని యడుగ నారంభించును. పిదప అత్తగారు ‘ముందొక నలుసు కలుగనిమ్ము, చదువెక్కడికి పోవును?’ అందురు. చదువు పోవును. ఎక్కడికి పోయినదో ఆ తరువాత ఎవ్వరును వెదకరు. ఈ సంభాషణమంతటిలో ఆ పిల్ల యభిప్రాయమును అడిగినవారు లేకుండుట పాఠకులు గమనింతురు గాక.

అసలు చదువు ముగియుట యన నేమి? బి.ఏ., బి.కాం. చదువు బాలికకు ఇరువదియొకటవ యేట పట్టము చేతికి వచ్చును. ఆమె విషయమున మాకు సందేహము లేదు, పట్టము ముందు. ఆ మూడేండ్లు ఆగుటవలన ఎవ్వరికిని నష్టము లేదు. వైద్యవిద్యార్థిని సంగతి వేరు. పదునెనిమిదవ యేట ఎం.బి.బి.ఎస్.లో చేరిన పిల్లకు హౌస్ సర్జనుతో గూడ అయిదున్నర యేండ్లు పట్టును. పై పట్టపు ప్రవేశపరీక్షకై ఒకటి రెండేండ్లు, ఆ పట్టమునకు మూడేండ్లు, ఆపై ప్రత్యేక శాఖను కోరినచో మరి మూడేండ్లు. అంతయు ముగియునప్పటికి ముప్పది దాటును. ఎం.ఏ. పిమ్మట పరిశోధనకు దిగిన యువతికిని ఇంచుమించుగా ముప్పది సమీపించును. ఇట్టివారికి ‘చదువు ముగిసిన పిమ్మట’ అనుట పది పండ్రెండేండ్ల వాయిదా.

దేహము ఈ వాయిదాలను ఎరుగదు. ఇరువది యేండ్లలోపు ప్రసవము కీడని వైద్యులందరును చెప్పుచున్నారు. ఆ వయస్సున గుర్రపువాతము, సూతికా జ్వరము తల్లికి హెచ్చు. బిడ్డలు నెల తక్కువగాను, తూకము తక్కువగాను పుట్టుదురు. మరియొక వైపున, గర్భధారణశక్తి ముప్పది దాటిన పిదప మెల్లగాను, ముప్పదియైదు దాటిన పిదప వేగముగాను తగ్గును. డౌన్ సిండ్రోము అను జన్మదోషము 25 ఏండ్ల తల్లులకు సుమారు 1,250 కాన్పులలో ఒకటియైనచో, 40 ఏండ్ల తల్లులకు సుమారు 100 కాన్పులలో ఒకటి. భయపెట్టుటకు ఈ యంకెలను వ్రాయలేదు. ముప్పదిరెండవ యేట తొలికాన్పు క్షేమముగా జరుగుట మన నగరములలో నిత్యము చూచుచున్నదే. ఇరువదికి లోపలను, ముప్పదియైదునకు పైనను చేటు గలదనియు, నడుమ పదునైదేండ్ల వ్యవధి యున్నదనియు చెప్పుటయే మా యుద్దేశము.

ఆ వ్యవధి సైతము అందరికిని దక్కుట లేదు. 1929 నాటి శారదా చట్టము బాలిక వివాహమునకు 14 ఏండ్లను, 1978 నాటి సవరణ 18 ఏండ్లను కనీస వయస్సుగా విధించెను. అయినను 2019-21 నాటి జాతీయ కుటుంబారోగ్య సర్వేలో, 20-24 ఏండ్ల స్త్రీలలో పదునెనిమిది నిండకయే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29.3, తెలంగాణమున 23.5 అని తేలినది. దేశపు సగటు 23.3. ఇట్టి బాలికలలో పెక్కుమందికి ముందా వెనుకా యను చర్చయే లేదు. పుస్తకము పెండ్లిపందిటిలోనే మూతపడును.

పూర్వులలో ఇద్దరి చరిత్రలు ఇచ్చట స్మరణకు వచ్చుచున్నవి. 1865లో జన్మించిన ఆనందీబాయి జోషికి తొమ్మిదవ యేట వివాహమైనది. పదునాలుగవ యేట కన్న బిడ్డ పది దినములకే పోయెను. ఆ దుఃఖమే ఆమెను వైద్యవిద్యకు పురికొల్పెను. 1886లో అమెరికాలోని పెన్సిల్వేనియా మహిళా వైద్య కళాశాల పట్టమంది స్వదేశమునకు వచ్చి, మరుసటి ఫిబ్రవరిలో ఇరువదిరెండేండ్లు నిండకయే మరణించెను. వంగదేశపు కాదంబినీ గంగూలీ 1883లో పట్టభద్రురాలై, ఆ యేడే వివాహమాడి, కలకత్తా వైద్య కళాశాలలో చేరెను. చదువు నడుమనే తల్లియయ్యెను. ప్రసూతికై ఆమె పదుమూడు దినములు మాత్రమే మానెనని ఫ్లారెన్సు నైటింగేలు 1888లో ఒక లేఖలో ఆశ్చర్యపడుచు వ్రాసెను. ఆశ్చర్యము మాకును గలదు. కాని పదుమూడు దినములను ఆదర్శముగా చూపువారితో మేము ఏకీభవింపము. బాలింత దేహమునకు పదుమూడు దినములేపాటి? ఆమె భర్త ద్వారకానాథ గంగూలీ స్త్రీవిద్యకై పోరాడిన సంస్కర్త యగుటయు, ఆ యిల్లు ఆమె చదువును తన పనిగా భావించుటయు మరువరాదు.

మన యాచారము ఈ విషయమున మిక్కిలి యుదారమైనది. తొలికాన్పునకు పిల్ల పుట్టింటికి వచ్చును. నెలలు నిండకమునుపే వచ్చి, బిడ్డకు మూడవ నెలయో అయిదవ నెలయో వచ్చువరకు తల్లియొద్దనే యుండును. లెక్క చూచిన ఇంచుమించు ఆరు మాసములు. 1961 నాటి ప్రసూతి చట్టము ఉద్యోగినులకు 12 వారములే యిచ్చినది. 2017 సవరణతో అవి మొదటి ఇద్దరు బిడ్డల విషయమున 26 వారములైనవి. మన ముత్తవ్వలెరిగిన లెక్కకు శాసనకర్తలు చేరుటకు ఏబదియారు సంవత్సరములు పట్టినది! అదియైనను జీతము పుచ్చుకొను స్త్రీకే. విద్యార్థిని రుసుము చెల్లించునదే గాని జీతము పొందునది కాదు గనుక, ఆమె పురిటిగదిలో నున్న దినములును హాజరుపట్టీలో గైర్హాజరుగనే చేరును. నూటికి డెబ్బదియైదు తగ్గినచో పరీక్షకు కూర్చుండనీయరు.

కొంత మార్పు వచ్చినది. 2016లో విశ్వవిద్యాలయముల గ్రాంట్ల సంఘము పరిశోధక విద్యార్థినులకు 240 దినముల సెలవును అనుమతించినది. 2022 నాటి నియమములలోను అది నిలిచినది, గడువు సైతము పొడిగింపబడినది. పట్టపరీక్షల విద్యార్థినులకై తగిన నియమములు చేసికొనుడని 2021 డిసెంబరులో అన్ని విశ్వవిద్యాలయములకును లేఖ వ్రాసినది. 2023లో కేరళ ప్రభుత్వము తన విశ్వవిద్యాలయములలో 60 దినముల సెలవును ప్రకటించినది. ఆ యేడే ఢిల్లీ హైకోర్టు, ఒక ఎం.ఎడ్. విద్యార్థిని వ్యాజ్యమున, విద్యాహక్కునకును సంతానమును గూర్చిన స్వేచ్ఛకును నడుమ ఒకదానిని ఎన్నుకొనుమని పౌరులను నిర్బంధింపరాదని తీర్పు చెప్పినది. ఒక హాజరుపట్టీ కొరకు బాలింత హైకోర్టు మెట్లెక్కవలసివచ్చుట మాత్రము మన విద్యాలయములకు గౌరవము కాదు.

ఇంతవరకు వ్రాసినదంతయు తల్లిని గూర్చియే. బిడ్డ పుట్టినందున తండ్రి చదువు ఆగినదని మన పాఠకులెవ్వరైన వినియుందురా? కుమారుని అమెరికా చదువునకై రెండెకరములు విక్రయించు గృహస్థు కోడలి పరీక్షరుసుమునకు వెనుదీయుట మేమెరుగుదుము. భర్తతో గూడ అచటికి ఆశ్రితురాలి వీసాపై పోయిన యువతికి ఉద్యోగము చేయుటకు వీలులేదు, పూర్తికాలపు పట్టవిద్యలో చేరుటకును వీలులేదు. ఇచట సగము చదివిన ఎం.టెక్. ఇచటనే నిలిచిపోవును.

ప్రభుత్వములకు ఇటీవల జననముల తగ్గుదల విచారకారణమైనది. పైన చెప్పిన సర్వే ప్రకారము స్త్రీ యొక్కతెకు సంతానము ఆంధ్రప్రదేశమున సగటున 1.7, తెలంగాణమున 1.8, జనసంఖ్య నిలుచుటకు 2.1 కావలెను. స్థానిక సంస్థల యెన్నికలలో ఇద్దరు బిడ్డల నిబంధనను 2024లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ తొలగించినది. బిడ్డలను కనుడని చెప్పు నాయకులు, కనిన విద్యార్థినికి ఏమి చేయుదురో గూడ చెప్పవలసియున్నది. దుర్గాబాయి దేశ్‌ముఖ్ అధ్యక్షురాలుగా నున్న కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి, చదువు మధ్యలో మానిన స్త్రీలకై 1958లోనే సంక్షిప్త విద్యాప్రణాళికను నెలకొల్పెను. ఆ మార్గము మనకు క్రొత్త కాదు.

మా యభిప్రాయము సంకోచము లేక చెప్పుదుము. మొదటి పట్టమునకు లోపల మాతృత్వము వలదు. దీర్ఘకాలపు చదువులలో ఆ నిర్ణయము భార్యాభర్తలది, అందును ముఖ్యముగా భార్యది. నడుమనే బిడ్డను కోరినచో పగటిపూట ఆ బిడ్డను చూచువారెవ్వరో, ఏ నెలలో తిరిగి కళాశాలకు పోవునో గర్భధారణకు ముందే ఇంట కూర్చుండి నిర్ణయించుకొనవలెను. ప్రవేశ దరఖాస్తులతో పాటు ప్రసూతి సెలవు నియమమును అచ్చొత్తించుట ప్రతి కళాశాలకును విధి. కుమార్తెనో కోడలినో చేర్పింపబోవు గృహస్థులు రుసుము చెల్లించుటకు మునుపే ఆ కాగితమును ప్రిన్సిపాలుగారి నడుగుదురు గాక.