మతిమరుపు జబ్బు: చూసుకునేవారి సంగతేమిటి?

అన్నం తిని చెయ్యి కడుక్కున్న పావుగంటకే మామగారు వీధి అరుగు మీద కూర్చుని, "మా కోడలు పొద్దుటి నుంచి మెతుకు పెట్టలేదు" అని దారిన పోయేవారితో చెబుతారు. విన్నవారిలో కొందరు నమ్ముతారు కూడా. డిమెన్షియా, అంటే పెద్దవయసులో వచ్చే మతిమరుపు జబ్బు ఉన్న ఇళ్లలో, రోజంతా చేసే చాకిరీ కంటే కోడళ్లను, కూతుళ్లను ఎక్కువగా కుంగదీసేది ఇలాంటి నిందే.

ఆయన అబద్ధం చెప్పడం లేదు. ఈ జబ్బులో పాత సంగతులు చాలాకాలం నిలుస్తాయి, కొత్తవి నిలవవు. చిన్ననాటి బడి గుర్తుంటుంది, ఇప్పుడే తిన్న అన్నం గుర్తుండదు. కాబట్టి "ఇప్పుడేగా తిన్నారు" అని వాదించి ప్రయోజనం లేదు. "పెడతాను మామయ్యా" అని గ్లాసు మజ్జిగ చేతికివ్వండి. ఇరుగుపొరుగువారికి జబ్బు సంగతి ముందే చెప్పి ఉంచండి. దాచిపెడితే నింద మీ మీదే నిలుస్తుంది.

మనదేశంలో 60 ఏళ్లు దాటినవారిలో సుమారు 88 లక్షల మందికి ఈ జబ్బు ఉన్నదని 2023లో వెలువడిన అంచనా. వీరిని చూసుకునే ఇంటివారు సగటున రోజుకు 5 గంటలు ఆ పనిలోనే గడుపుతారని, ఆ గంటల్లో 70 శాతం ఆడవారివేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. రాత్రి జాగారం చేసే ఇళ్లలో 5 గంటలంటే నవ్వుతారేమో!

సాయంత్రమయ్యేసరికి కంగారు పెరగడం, రాత్రి లేచి తలుపు గడియ తీయడం ఈ జబ్బులో తరచూ చూస్తాం. చూసుకునేవారికి నిద్ర కరువై నడుంనొప్పి, బి.పి., దిగులు మొదలవుతాయి. ఒక్కోసారి చెయ్యెత్తేంత కోపం వస్తుంది. కోపం వచ్చినంత మాత్రాన మీరు చెడ్డవారు కారు. అలాంటప్పుడు వారిని భద్రంగా కూర్చోబెట్టి, పక్కగదిలోకి వెళ్లి ఐదు నిమిషాలు ఆగండి. ఆ సంగతి డాక్టరుకు దాచకుండా చెప్పండి. మందుల షాపులో నిద్రమాత్రలు కొని వారికి వేయకండి. మత్తులో పడి తుంటి ఎముక విరిగే ప్రమాదం ఉంది. పగటి కునుకు తగ్గించి, కాసేపు ఎండలో నడిపించడం మేలు. రెండు మూడు రోజుల్లోనే గందరగోళం హఠాత్తుగా పెరిగితే మాత్రం మూత్రంలో ఇన్ఫెక్షనో, మలబద్ధకమో, కొత్తగా వాడిన మందో కారణం కావచ్చు. వెంటనే ఆసుపత్రిలో చూపించండి.

ఇక వేరే ఊళ్లలో ఉండే మరుదులు, ఆడపడుచులు. ఫోనులో సలహాలు బాగానే ఇస్తారు. పండుగకు వచ్చి ఒక పూట ఉండి, "నాన్న బాగానే ఉన్నారే" అంటారు. (అరుదుగా వచ్చేవారి ముందు ఈ రోగులు కాసేపు చక్కగా మాట్లాడగలరు, అదొక చిత్రం.) "కాస్త సాయం చేయండి" అంటే ఏమీ జరగదు. "నెలకు రెండు రోజులు మీరు వచ్చి ఉండండి, లేదా రాత్రి ఆయా జీతం మీరు కట్టండి" అని తేల్చి చెప్పండి. ఇందులో మొహమాటం పనికిరాదు.

పెద్దవారిని పరీక్షకు తెచ్చినప్పుడు మీ బి.పి. కూడా చూపించుకోండి. రాత్రి ఎన్ని గంటలు నిద్రపోతున్నారో చెప్పండి. మనసు మరీ కుంగితే టెలి మానస్ 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేయవచ్చు, తెలుగులోనే మాట్లాడతారు. వృద్ధుల హెల్ప్‌లైన్ నంబరు 14567.