స్లాబు వేయకముందే వేసుకోవలసిన పైపు

క్రొత్త ఇల్లు కట్టుకొనే కుటుంబము ఎన్నో సంగతులు ఆలోచిస్తుంది. వంటగది ఏ ప్రక్కన, నీళ్ళ ట్యాంకు ఎక్కడ, ఫ్యాన్లు ఎన్ని, మోటారు స్విచ్ ఎక్కడ అని మేస్త్రీతోను, ఎలక్ట్రీషియన్‌తోను కూర్చుని మాట్లాడుకుంటారు. ఇంటర్నెట్ సంగతి మాత్రము ఇంట్లో చేరిన తరువాత గాని గుర్తు రాదు. అప్పటికి గోడలకు రంగులు కూడ అయిపోతాయి. ఇక కేబుల్ కిటికీలోనుండి దూరి, తలుపు మీదుగా వ్రేలాడుతుంది. మేడమీది గదిలో చదువుకొనే బిడ్డకు సిగ్నల్ అందదు.

ఇది పట్టణాలవారి సమస్య అనుకోకండి. 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రారంభమైనప్పుడు కేబుల్‌ను కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్ళకు తెచ్చారు. 2020లో కరోనా వలన బడులు మూతపడినప్పుడు పాఠాలు ఫోనులోనికి వచ్చాయి. గల్ఫ్‌లో ఉన్న కొడుకు ముఖము తల్లి చూచుకొనేది కూడ ఈ దారినే. గనుక పునాది వేసే ప్రతి కుటుంబానికి మేము చెప్పే మాట ఒక్కటే: పెట్టె మారుతుంది, పైపు మారదు. ఈ రోజు కొన్న వైఫై పెట్టె కొన్నేండ్లకు పాతబడిపోతుంది. గోడలోని పైపు ఇల్లు ఉన్నంత కాలము ఉంటుంది. చేతిలో డబ్బు తక్కువగా ఉంటే చిన్న పెట్టె కొనండి గాని పైపు మానకండి.

నాలుగు పైపులు చాలును

క్రింద హాలు, వంటగది, రెండు పడకగదులు, మేడమీద ఒక గది ఉన్న ఇంటిని తీసుకుందాము. హాలులో, ఇంటికి ఇంచుమించు మధ్యగా ఉన్న గోడమీద, తల ఎత్తుకంటె పైన ఒక స్థలము ఎంచుకోండి. అన్ని పైపులు అక్కడనుండే బయలుదేరాలి.

మొదటిది వీధిలోని స్తంభము వైపు గోడకు. ఫైబర్ కేబుల్ దీనిలోనుండి లోనికి వస్తుంది. రెండవది స్లాబు గుండా మేడమీది గదికి. దీనిని కాంక్రీటు పోయకముందే అమర్చాలి. మూడవది టీవీ పెట్టే గోడకు. నాలుగవది వీధి గుమ్మము దగ్గర కెమెరా పెట్టదలచిన చోటికి.

పైపు 25 మిల్లీమీటర్లది అయితే తరువాత ఇంకొక తీగ లాగడానికి కూడ చోటుంటుంది. మూలలలో ఒక్కసారిగా విరిచినట్టు కాక పెద్ద వంపుగా త్రిప్పించండి. ఫైబర్‌లో ప్రయాణించేది వెలుగు గనుక కేబుల్ మడతపడితే ఆ వెలుగు తగ్గిపోతుంది. ప్రతి పైపులో ఒక నైలాను త్రాడు వేసి, సిమెంటు దూరకుండ రెండు కొనలు మూయించండి. కరెంటు తీగలు ఉన్న పైపులో దీనిని ఎంతమాత్రము కలపనియ్యకండి. అది ప్రమాదము.

కదలనిదానికి తీగ, కదిలేదానికి గాలి

టీవీ, కంప్యూటరు, కెమెరా ఉన్నచోటనే ఉంటాయి. వాటికి తీగ ఇవ్వండి. అప్పుడు వైఫై అంతా ఫోనులకు మిగులుతుంది. తీగ క్యాట్ 6 రకము తీసుకోండి. ఇది 100 మీటర్ల వరకు పనిచేస్తుంది గనుక ఏ ఇంటికైనా సరిపోతుంది. చవకగా దొరికే తీగలలో అల్యూమినియము మీద రాగి పూత పూసినవి ఉంటాయి. అవి తొందరగా తెగుతాయి. పూర్తి రాగి తీగ అని అడిగి, కొన గీకి చూచి కొనండి.

వైఫైలో సాధారణముగా రెండు రకాల తరంగాలున్నాయి. 2.4 గిగాహెర్ట్జ్ తరంగము దూరము పోతుంది గాని వేగము తక్కువ. 5 గిగాహెర్ట్జ్ వేగము ఎక్కువ గాని గోడలు దాటేసరికి బలహీనపడుతుంది. ఇనుప చువ్వలున్న స్లాబు, ఇనుప బీరువా, పెద్ద అద్దము, నీళ్ళ ట్యాంకు వీటన్నిటికి అడ్డమే. గనుక పెట్టెను బీరువా వెనుకగాని టీవీ వెనుకగాని దాచకండి. మేడమీది గదికి సిగ్నల్ చాలకపోతే రెండవ పైపులో తీగ లాగి అక్కడ ఇంకొక వైఫై పెట్టె పెట్టండి. తీగ లేకుండ సిగ్నల్‌ను అందుకొని ముందుకు పంపే పెట్టెలు ఉన్నాయి గాని, అందుకొన్నదే బలహీనమైతే పంపేదీ బలహీనమే.

దీనిని ప్లాస్టరింగుకు ముందే ఖర్చు లేకుండ పరీక్షించవచ్చును. పెట్టె రావలసిన చోట ఒక ఫోను పెట్టి హాట్‌స్పాట్ ఆన్ చేయండి. రెండవ ఫోనుతో గది గదికి నడిచి చూడండి. తలుపులు, సామాను వచ్చిన తరువాత సిగ్నల్ ఇంకొంచెము తగ్గుతుందని లెక్క వేసుకోండి.

కరెంటు, ఉరుములు, పిల్లలు

కరెంటు పోతే ఇంటర్నెట్ కూడ పోతుంది. గనుక హాలులో పెట్టె ఉండే చోట ఇన్వర్టర్ లైనులో ఒక ప్లగ్గు పెట్టించండి. ఇన్వర్టర్ లేనివారికి ఈ పెట్టెల కొరకే చేసిన చిన్న బ్యాటరీలు దొరుకుతాయి. ఇంటికి ఎర్తింగు సరిగా చేయించండి. ఉరుములు, మెరుపులు దగ్గరకు వచ్చేలోగా ప్లగ్గు తీసివేయండి. ప్రక్కనున్న అన్నగారి ఇంటికి కూడ లైను ఇవ్వదలిస్తే ఆరుబయట రాగి తీగ కాక ఫైబర్ వేయించండి. ఫైబర్‌లోని గాజు పోగు పిడుగు విద్యుత్తును మోయదు.

తల్లిదండ్రులకు ఒక మాట. పిల్లలు వాడే కంప్యూటరుకు తీగ హాలులోనే ఇవ్వండి. పెద్దల కన్ను పడే చోట చదువుకోవడము పిల్లలకు మేలు. చాలా పెట్టెలలో రాత్రి ఫలాని గంటకు పిల్లల ఫోనులకు వైఫై ఆగిపోయే ఏర్పాటు కూడ ఉంటుంది. పెట్టెతో వచ్చిన పాస్‌వర్డు మొదటి రోజే మార్చుకోండి.

చివరిగా, గోడలు మూసివేయకముందే ఏ పైపు ఎక్కడ పోయిందో కాగితము మీద కొలతలతో గీయండి. గోడ గోడకు ఫోటో తీయండి. ఆ కాగితమును ఇంటి దస్తావేజులతో కలిపి దాచండి. రేపు మీ కుమారుడు గోడకు మేకు కొట్టదలచినా, మీ మనుమరాలు ఇంకొక తీగ లాగదలచినా, గోడ పగులగొట్టి వెదకవలసిన పని ఉండదు.