గుహల మట్టిలో ఖడ్గమృగాలు

అండమాన్‌లోని బారాటాంగ్‌లోనూ, మన నంద్యాల జిల్లా బేతంచెర్లలోనూ సున్నపురాయి గుహలున్నాయి. ఎముకలు శిలాజాలుగా మిగలడానికి ఇంతకన్నా అనువైన చోట్లు అరుదు. అడవి నేలలో ఆమ్లం కలిసిన తేమ ఎముకను తినేస్తుంది. గుహలో సున్నం ఆ ఆమ్లాన్ని విరిచేస్తుంది. పైనుంచి కారే సున్నపు నీరు ఎముక రంధ్రాల్లో పేరుకుని దాన్ని రాయిలా బిగిస్తుంది. అయినా ఒకప్పటి పెద్ద జంతువుల కోసం శాస్త్రవేత్తలు తవ్వింది బేతంచెర్ల గుహలనే.

కారణం సముద్రం. గత మంచుయుగంలో సముద్రమట్టం ఇప్పటికన్నా సుమారు 120 మీటర్లు దిగిపోయింది. అండమాన్ దీవులు చాలావరకు ఒక్కటయ్యాయి గానీ, బర్మా తీరానికీ వాటికీ మధ్య నీళ్లు మిగిలే ఉన్నాయి. ఖడ్గమృగాలు నడిచి వచ్చే దారే లేదు. అక్కడి అడవిపందిని సైతం మనుషులే తెచ్చి ఉంటారని పరిశోధకులు భావిస్తున్నారు. ఇంటర్‌వ్యూ దీవిలో తిరిగే ఏనుగులు కలప కంపెనీ వదిలేసి వెళ్లిన వాటి సంతతి.

బేతంచెర్ల దగ్గరి బిల్లసుర్గం గుహల గురించి కెప్టెన్ న్యూబోల్డ్ 1844లోనే రాశారు. జియలాజికల్ సర్వేలో పనిచేసిన రాబర్ట్ బ్రూస్ ఫుట్, ఆయన కొడుకు హెన్రీ 1884, 85లలో అక్కడ తవ్వకాలు జరిపారు. దొరికిన ఎముకలను పరిశీలించిన లిడెక్కర్, 1886లో ఒక ఖడ్గమృగానికి అప్పటి జిల్లా కర్నూలు పేరే పెట్టారు: రైనోసెరాస్ కర్నూలియెన్సిస్. నేడు ఆ ప్రాంతంలో ఖడ్గమృగం లేదు.

గుహలో ఎముక దొరికినంత మాత్రాన ఆ జంతువు అక్కడ బతికిందని కాదు. ఏదుపంది బయటి ఎముకలను తన గూటికి లాక్కొచ్చి కొరుకుతుంది. ఎముక అంచున పక్కపక్కనే పడిన వెడల్పాటి గాట్లు దాని పళ్ల ఆనవాళ్లు. అందుకే ఎముకతోపాటు అది పడి ఉన్న తీరునూ, మట్టి రంగునూ, లోతునూ నమోదు చేస్తారు.

బిల్లసుర్గంలో మళ్లీ తవ్వి, పొరల వయసు కట్టిన బృందం 2014లో ఫలితాలు ప్రకటించింది. రెండు లక్షల ఏళ్ల పొరల్లో గుర్తించిన 21 రకాల క్షీరదాల్లో 20 ఇప్పటికీ భారత ఉపఖండంలో ఉన్నాయి. కనుమరుగైంది ఒక్క కోతి జాతే. దాని దగ్గరి బంధువు గెలాడా ఇథియోపియా కొండల్లో బతుకుతోంది. అమెరికాలో మామత్‌లు, ఆస్ట్రేలియాలో డైప్రోటోడాన్‌లనే భారీ జంతువులు తుడిచిపెట్టుకుపోయిన కాలం కూడా ఈ రెండు లక్షల ఏళ్లలోనే ఉంది. మన దగ్గర అడవి, గడ్డిభూమి, నదీతీరం ఒకదానితో ఒకటి కలిసి ఉండటం వల్ల, ఒకచోట కరువొస్తే జంతువులు మరోచోటికి తరలిపోగలిగాయని ఆ బృందం వివరణ.

పొరల లెక్క లేకపోతే ఈ సంగతి తేలేది కాదు. కాబట్టి బేతంచెర్ల నాపరాయి గనిలోనో, బావి తవ్వకంలోనో పాత ఎముక కనిపిస్తే పెకలించకండి. ఉన్నచోటే ఫొటో తీసి, లోతు రాసుకుని, పురావస్తు శాఖకో జియలాజికల్ సర్వేకో కబురు పెట్టండి. అడవుల మధ్య దారులు మూసేస్తే వన్యప్రాణులకు ఏమవుతుందో ముందే చెప్పగల సాక్ష్యం ఆ మట్టిలోనే ఉంది.