చేతులు పొడిబారితే పట్టు ఎందుకు జారుతుంది?



చలి మొదలైనది మొదలు రథసప్తమి దాటే వరకు, అరసవల్లి, శ్రీకాకుళం పరిసరాల నుండి మా వద్దకు వచ్చేవారిలో అరచేతులు, అరికాళ్ళు పొడిబారి పగుళ్ళు తీసినవారు ఎక్కువగా కనిపిస్తారు. మంట అని, దురద అని చెబుతారు. పట్టు జారుతోందని తమంతట తాము చెప్పేవారు తక్కువ. మేము అడిగితే మాత్రం, ఔనండీ, స్టీలు గ్లాసు చేతిలో నిలవడం లేదని ఒకరు, నూతి చేద జారిందని ఇంకొకరు, కొబ్బరి మాను మీద అరికాలు ఆనడం లేదని వేరొకరు అంటారు. మొదటి రెండింటికీ పోయేదేమీ లేదు. మూడవది ప్రాణం మీదికి వచ్చే సంగతి. అందుకే ఈ వ్యాసం.

తడి చేయి జారుతుందని అందరికీ తెలుసు. పొడి చేయి కూడా జారుతుందంటే చాలామంది నమ్మరు. మన చర్మం పైపొర కాస్త తేమగా ఉన్నప్పుడు మెత్తబడి, పట్టుకున్న వస్తువు మీద సందు లేకుండా అతుక్కుంటుంది. తేమ పోతే ఆ పొర అట్టలాగా గట్టిపడి, వస్తువును అక్కడక్కడా మాత్రమే తాకుతుంది. అందువల్ల జారుతుంది. మరీ తడి అయితే మధ్యలో నీరు నిలిచి మళ్ళీ జారుతుంది. పట్టు బాగుండేది ఈ రెంటికీ నడుమ, లేత చెమ్మ ఉన్నప్పుడు.

ఇది మన పెద్దలకు చదువు లేకుండానే తెలుసు. గునపం పట్టే ముందు అరచేతిలో ఉమ్మి రెండు చేతులూ రుద్దుకునే కూలీని చూడని వారుండరు. (అలవాటు మంచిది కాదు, క్షయ వంటి జబ్బులున్న చోట అసలే కాదు. నీటి చుక్క చాలు.) బ్యాంకులో నోట్లు లెక్కపెట్టే గుమాస్తా ముందు తడి స్పాంజి ఉండేది కూడా ఇందుకే. వయసు మళ్ళిన వారికి చెమట తగ్గుతుంది. తాతగారి చేతిలో గ్లాసు జారితే చేతిలో సత్తువ లేదని విసుక్కోకండి, చర్మం పొడిబారడం కూడా కారణం కావచ్చు.

ఇంకొక మాట. అరచేతిలో, అరికాలిలో నూనె గ్రంథులు ఉండవు, చెమట గ్రంథులు మాత్రమే ఉంటాయి. కనుక సబ్బు, బట్టల సోడా, సిమెంటు తగిలితే ఈ రెండు చోట్లా చర్మం త్వరగా పాడవుతుంది. పలాస ప్రాంతంలో జీడిపిక్కలు ఒలిచే ఆడవారి చేతులకు జీడి సొన తగిలి పొరలు ఊడటం మనకు తెలిసినదే.

వెయిట్‌లిఫ్టింగు మన రెండు జిల్లాలకూ కొత్త కాదు. ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేట అమ్మాయి కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్సులో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. నెల్లిమర్ల మండలం కొండవెలగాడ నుండి మత్స సంతోషి 2014 కామన్‌వెల్త్ క్రీడలలో పతకం పొందారు. బరువు ఎత్తే ముందు క్రీడాకారులు చేతులకు తెల్లని పొడి రాసుకోవడం టీవీలో చూసి, మన పిల్లలు వ్యాయామశాలలో అదే చేస్తున్నారు. ఆ పొడి మెగ్నీషియం కార్బనేట్. చెమట పీల్చడం దాని పని. చెమట పట్టే చేతికి అది మేలు. పొడి చేతికి రాస్తే ఉన్న కాస్త తేమా పీల్చి, కాయలు కాచిన చోట చర్మం చీలుతుంది. ఒకరికి మందైనది ఇంకొకరికి మందు కాదు.

పెద్ద పట్టణాలలో చదువుకునే, ఉద్యోగం చేసే మన పిల్లలు కొందరు ఇంట్లో ఉక్కు స్తంభం నిలబెట్టి, దాన్ని పట్టుకుని నాట్యం వంటి వ్యాయామం చేస్తున్నారు. దానికి అరచేయి ఒక్కటే కాదు, మోచేతి మడత, తొడ చర్మం కూడా పట్టు నివ్వాలి. వారికీ ఇదే సూత్రం. చల్లని ఉక్కు మీద పొడి చర్మం నిలవదు. ముందు కొన్ని నిమిషాలు ఒళ్ళు వేడెక్కి సన్నని చెమట పట్టేదాకా కదలాలి. స్తంభాన్ని శుభ్రంగా తుడిచి, చేతులతో రుద్ది కాస్త వెచ్చబరచాలి. అదే రోజు లోషను రాసుకుని ఎక్కరాదు. అంగడిలో పట్టుకోసం అమ్మే వాటిలో చెమట ఆర్పేవి కొన్ని, జిగురునిచ్చేవి కొన్ని. పొడి చర్మానికి మొదటి రకం పనికిరాదు. కింద మందపాటి పరుపు తప్పనిసరి.

అసలు చికిత్స రాత్రి పూట జరగాలి. పడుకునే ముందు చేతులు, పాదాలు గోరువెచ్చని నీటిలో కాసేపు ఉంచి, తుడిచి, తడి పూర్తిగా ఆరకముందే వాజలీను గాని, నీరు కలిపిన గ్లిజరిను గాని, వైద్యుడు రాస్తే యూరియా క్రీము గాని పట్టించండి. పాత నూలు మేజోళ్ళు తొడుక్కుంటే ఇంకా మంచిది. షుగరు ఉన్నవారు నీటి వేడిని ఇంకొకరి చేత చూపించుకోవాలి, కాళ్ళు నానబెట్టనే రాదు. తెల్లవారి పనికి వెళ్ళే ముందు జిడ్డు లేకుండా కడిగి తుడుచుకోవాలి. కొబ్బరినూనె రాసుకుని చెట్టెక్కడం అన్నిటికంటె ప్రమాదం. కాయలు కాచిన చర్మాన్ని నానబెట్టి రాయితో మెల్లగా అరగదీయండి. బ్లేడు పెట్టకండి, షుగరు ఉంటే రాయి కూడా వద్దు. పొడితనం రెండు మూడు రోజులలో పోదు, కొన్ని వారాలు పడుతుంది.

ఉద్దానంలో 2018 అక్టోబరు నాటి తిత్లీ తుఫానుకు కొబ్బరి చెట్లు ఎన్నో కూలినా, చెట్టెక్కి బ్రతికే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. అరికాళ్ళు పగిలి ఉన్న రోజున, మంచు పడి మాను తడిగా ఉన్న వేళ, చెట్టు ఎక్కవద్దని వారిని కోరుతున్నాము. ఎక్కక తప్పనప్పుడు నడుముకు తాడు ఉండాలి. కాళ్ళు పెట్టి ఎక్కే ఇనుప పరికరం దొరికితే పట్టు మొత్తం చర్మం మీద ఆధారపడదు. ఒకవేళ ఎవరైనా పడితే చేతులు, కాళ్ళు పట్టి ఎత్తకండి, కూర్చోబెట్టకండి. మెడ, నడుము కదలకుండా ఉంచి 108కి ఫోను చేయండి. వెన్నెముక విరిగినవారికి మోసుకురావడంలోనే మరింత హాని జరుగుతుంది.

వాజలీనుకు లొంగని పొడితనం ఒక్కొక్కసారి లోపలి జబ్బు. షుగరు వల్ల నరాలు దెబ్బతింటే పాదాలకు చెమట ఆగిపోతుంది, స్పర్శ కూడా తగ్గుతుంది. థైరాయిడ్ తగ్గినా చర్మం పొడిబారుతుంది. ఒక్క చేయే పొలుసులు రాలుతుంటే తామర కావచ్చు. ఒళ్ళంతా పొడి, దురద ఉండి, కాళ్ళు వాస్తే మూత్రపిండాలు చూపించుకోవాలి. ఉద్దానం వారికి ఈ మాట రెండుసార్లు చెబుతాము. రక్తంలో క్రియాటినిన్, మూత్ర పరీక్ష చిన్న పరీక్షలే. ఒళ్ళు నొప్పులకు రోజూ మాత్రలు వేసుకునే అలవాటు ఉంటే అది కూడా వైద్యునికి దాచకుండా చెప్పండి.

వచ్చేటప్పుడు మీరు వాడుతున్న మాత్రలు, చేతులకు రాసుకునే క్రీముల గొట్టాలు తప్పక తీసుకురండి. అంగడిలో అడిగి కొన్న క్రీములలో చాలా వాటిలో స్టెరాయిడ్ ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలుచబడుతుంది, తామర ఇంకా పాకుతుంది.