ఆయనొచ్చేదాకా ఆగాలా?

గ్యాస్ అయిపోతే ఎవరికి ఫోన్ చేయాలో మనకి తెలుసు. కుళాయి విరిగితే ఎవర్ని పిలవాలో తెలుసు. మరి ఇంట్లో ఉన్నట్టుండి ఓ మనిషి కూలబడిపోతే? చాలా ఇళ్ళల్లో మొదటి ఫోను ఆఫీసులో ఉన్న ఆయనకే వెళుతుంది. తర్వాత అన్నయ్యకి. ఆ తర్వాత పక్కింటివాళ్ళ కారుందేమో కనుక్కోవడం. 108 గుర్తుకొచ్చేసరికి అరగంట దాటిపోతుంది.

ఆ అరగంటే ప్రాణాలకి ముఖ్యం. గుండెపోటులో రక్తనాళం మూసుకుపోయిన కొద్దీ గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. పక్షవాతంలో మెదడుకీ అదే గతి. గడ్డ అడ్డుపడి వచ్చిన పక్షవాతానికి ఆ గడ్డని కరిగించే ఇంజెక్షన్‌ని మామూలుగా నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. అదీ తలకి స్కాన్ తీసి, లోపల రక్తస్రావం లేదని తేల్చుకున్నాక. అంటే మన చేతిలో ఉన్న సమయం ఇంకా తక్కువన్నమాట.

ఆటో ఉందిగా?

'ఆటో అయితే గుమ్మంలోనే ఉంటుంది కదా' అంటారు. నిజమే, ఒక్కోసారి ఆటోయే ముందు చేరుతుంది. కానీ దారిలో ఊపిరి ఆగితే పాపం ఆటో అబ్బాయి ఏం చేయగలడు? 108 బండిలో ఆక్సిజన్ ఉంటుంది, శిక్షణ పొందిన టెక్నీషియన్ ఉంటారు. పైగా కంగారులో మనం దగ్గర్లోని చిన్న నర్సింగ్‌హోమ్‌కి పరుగెడతాం. అక్కడ స్కాన్ లేదంటే మళ్ళీ ఇంకోచోటికి పరుగు. అంబులెన్స్ వాళ్ళు ఏ జబ్బుకి ఎక్కడికి తీసుకెళ్ళాలో చూసుకుంటారు. రోగి వస్తున్నట్టు ముందే కబురందితే ఆసుపత్రిలో వైద్యం త్వరగా మొదలవుతుందని పక్షవాతం కేసుల్లో చాలా దేశాల్లో గమనించారు.

'అంబులెన్స్ ఎక్కినవాళ్ళు తిరిగి రారు' అనే మాట మీరూ వినే ఉంటారు. కాస్త ఆలోచించండి. జలుబు చేసినవాళ్ళు అంబులెన్స్ ఎక్కరు కదా! ప్రాణం మీదికొచ్చినవాళ్ళే ఎక్కుతారు. కాబట్టి వాళ్ళలో చనిపోయేవాళ్ళు ఎక్కువగా కనబడతారు. తప్పు జబ్బుది, బండిది కాదు.

మన నొప్పి మనకే అలుసు

ఆడవాళ్ళకీ గుండెపోటులో ఛాతీనొప్పి రావడమే ఎక్కువ. అయితే దాంతోపాటు, ఒక్కోసారి అది లేకుండానే, ఆయాసం, వికారం, దవడలోనో వీపులోనో నొప్పి, ఎన్నడూ లేని నీరసం మగవాళ్ళకంటే మనలో ఎక్కువగా కనిపిస్తాయి. మనమేమో గ్యాసనుకుని సోడా తాగి పడుకుంటాం.

మా వీధిలో ఓ పెద్దావిడ దవడ లాగుతుంటే పంటినొప్పనుకుని లవంగం పెట్టుకున్నారు. చెమటలు పడితే ఉక్కపోత అనుకున్నారు. 'అబ్బాయి రానీ, చూద్దాంలే, పొయ్యిమీద కూరుంది' అన్నారట. కోడలు మాత్రం అత్తగారి మాట వినలేదు. పొయ్యి కట్టేసి 108కి ఫోన్ చేసింది. ఇప్పుడా పెద్దావిడే అందరికీ ఈ కథ చెబుతుంటారు, 'నా కోడలు మొండిది' అని మురిసిపోతూ!

ఇవి గుర్తుంచుకోండి

ఈ 108 సేవ మన ఉమ్మడి రాష్ట్రంలోనే 2005 ఆగస్టు 15న మొదలైంది. తర్వాత ఎన్నో రాష్ట్రాలకి పాకింది. ఫోనుకీ, బండికీ డబ్బు కట్టనక్కర్లేదు.

ఫోన్ చేసినప్పుడు ఇంటి నంబరొక్కటే చాలదు. రామాలయం పక్క సందు, నీళ్ళట్యాంకు ఎదురుగా అంటూ గుర్తులు చెప్పండి. ఎన్నో అంతస్తో, లిఫ్టు ఉందో లేదో కూడా చెప్పండి. ఒకర్ని వీధి మొదట్లో నిలబెట్టండి. రోజూ వాడే మందులు, పాత చీటీలు ఓ సంచిలో వేసుకోండి.

మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పైకి లేవకపోవడం, మాట తడబడటం... వీటిలో ఏ ఒక్కటి హఠాత్తుగా కనిపించినా పక్షవాతమేమోనని అనుమానించాలి. ఆ మనిషి చివరిసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో గుర్తుపెట్టుకోండి, డాక్టరు మొదట అడిగేది అదే. నోట్లో నీళ్ళు, కాఫీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతే మరో ప్రమాదం. స్పృహ లేకుండా ఊపిరి ఆడుతుంటే పక్కకి తిప్పి పడుకోబెట్టండి.

రోడ్డు మీద దెబ్బలు తగిలినవాళ్ళని చూస్తే పోలీసు గొడవని భయపడక్కర్లేదు. సాయం చేసినవాళ్ళు పేరు చెప్పి తీరాలన్న బలవంతం లేదని 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం కింద వచ్చిన నిబంధనలు చెబుతున్నాయి.

ఇవాళ రాత్రి భోజనాల దగ్గర ఇంట్లోవాళ్ళకి ఒక్కమాట చెప్పేయండి. 'అలాంటి పరిస్థితే వస్తే ముందు 108కి చేస్తాను, తర్వాతే మీకు' అని. అత్తగారికీ, బడికెళ్ళే పిల్లలకీ, పనిమనిషికీ ఆ నంబరు నేర్పండి. ఎందుకంటే ఆ వేళకి ఇంట్లో ఉండేది వాళ్ళే. కూలబడేది మనమే కావచ్చు.